నారింజ బిళ్ళ ఉత్తరం

12 జూన్ 2011, ఆదివారం

తొండుపల్లిలో ఈ గదిలోకి వచ్చి ఏడాదయింది. ఎయిర్‌పోర్టు కార్గోలో డ్యూటీ, తిరిగొచ్చి పడక. నోరారా మాట్లాడేది ఆదివారం ఒక్కరోజే. కింద ఉండే ఇంటావిడ చంద్రమ్మ, చిన్మయీ, జర రా బిడ్డా అని కేకేస్తుంది. ఆవిడకు చదువు రాదు. పోయిన భర్త బుచ్చయ్య బొంబాయిలో కూలి చేసిన రోజుల్లో రాసిన ఏడు ఉత్తరాలున్నాయి. అవి నేను చదివి పెట్టాలి.

ఏది ఏదో స్టాంపు రంగును బట్టి చెప్పేస్తుంది. ఆకుపచ్చ బిళ్ళది కూతురు ప్రేమలత పుట్టినప్పటిది. నీలంది జ్వరంతో పడుకున్నప్పటిది. నారింజది, ఇగ బొంబాయి చాలు, వస్తున్న అని రాసింది. చివర ఎప్పుడూ అదే చదివించుకుంటుంది. తర్వాత టీ. నేను వెళ్లేది టీ కోసం కాదని నాకు తెలుసు.

19 జూన్

రేపు చంద్రమ్మ షాద్‌నగర్ పోతోంది, ప్రేమలత పురిటికి. మూడు నెలలదాకా రాదట. ఉత్తరాలు గుడ్డమూటలో నలిగిపోతున్నాయని ఆఫీసు రబ్బరు బ్యాండ్లు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించాను. నారింజదానికి ప్రేమ ఎక్కువై రెండు బ్యాండ్లు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

24 జులై, ఆదివారం

కిందింటికి తాళం. పొద్దుట్నుంచి మాట్లాడింది కుక్కతోనే. అదీ ఛీ పో అని.

25 సెప్టెంబర్, ఆదివారం

చంద్రమ్మ వచ్చింది. నన్ను పిలిచి నా ముందే డబ్బా తీసింది. నారింజ బిళ్ళ లేదు. దాని చోట మాడిన రొట్టె రంగులో ఒకటుంది.

ఇది నాది కాదు, అంది. అదేనండీ అన్నాను. కవరు తిప్పి చూసింది, నా మొహం చూసింది. నా కాయితం ఏడ పెట్టినవ్, గిది ఏంది, అంది. పక్కింటి అనంతమ్మ గుమ్మంలోనే నిలబడి, ఆంధ్రోళ్లను ఇంట్లకు రానిస్తే గిట్లనే ఉంటది అంది. చంద్రమ్మ కాదనలేదు. నాకు అదే తగిలింది.

గాడిదకొచ్చినట్టు ముప్ఫై నాలుగేళ్లొచ్చాయి. పైకొచ్చి స్టాంపు కోసం ఏడ్చాను.

2 అక్టోబర్

పిలవలేదు.

9 అక్టోబర్

పిలవలేదు. మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకుంది.

13 అక్టోబర్, సాయంత్రం

లంచ్‌లో లలిత్‌కి చెప్పాను. మా సెక్షన్‌లోనే ఉంటాడు, స్టాంపుల పిచ్చి. ముందు పగలబడి నవ్వాడు. తర్వాత చెప్పాడు. కొన్ని పాత నారింజ రంగుల్లో సీసం ఉంటుందట, రబ్బరులో గంధకం. రెండూ మూసిన డబ్బాలో నెలల తరబడి ఉంటే సీసం నల్లబడుతుందట. ఎండకు వెలిసిపోవడం వేరే సంగతి. పుండు కడిగే పెరాక్సైడ్ దూదితో అద్దితే రంగు చాలావరకు తిరిగొస్తుందట.

అంటే చేసింది నేనే. నా బొంద తెలివి! దార్లో మందుల షాపులో సీసా కొన్నాను.

16 అక్టోబర్, ఆదివారం

పిలవకుండానే వెళ్లాను. నా రబ్బరు బ్యాండ్ల వల్లే నల్లబడిందని చెప్పాను. సీసా చూపించి, రంగు తెప్పిస్తానన్నాను. వద్దంది. మందేసి ఏ రంగైనా తెస్తవ్, గది నాదే అని నాకెట్ల తెలుస్తది, అంది.

పోనీ చదవనా అన్నాను. గోడవైపు తిరిగి కూర్చుంది. చదివాను. ఇగ బొంబాయి చాలు దాకా వచ్చి, వింటోందో లేదోనని ఆగి చూశాను. చంద్రమ్మ అటు తిరిగే అందించింది. బర్రెను అమ్మకు, నేనొచ్చి చూస్త, అని. కాగితం మీద అక్షరాలా అదే ఉంది. తర్వాతి మాటా తనే చెప్పింది, ఆ పైదీ. నేను వేలు పెట్టుకుని చూస్తూ పోయాను. చివర పేరు దాకా ఒక్క ముక్క తప్పలేదు.

గిది నాదే, అంది. నల్లగనే ఉండనియ్యి, అంది.

మిగతావి కూడా వచ్చా అని అడిగాను. ఏడూ యాదికున్నయ్, వచ్చిన దినమే పోస్టుమాన్‌తోని నాలుగుసార్లు చదివిపిచ్చుకున్న, అంది. మరి వారం వారం నన్నెందుకు పిలిచారు అన్నాను.

పైన ఒక్కదానివే ఉంటవ్, ఊకె రమ్మంటే వస్తవా, అంది.

23 అక్టోబర్, ఆదివారం

పిలిచింది. ఉత్తరాలు తీయలేదు. నీ ముచ్చట చెప్పు, అంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక, పుట్టిన తేదీ చెప్పాను.