ఫలితం వచ్చేదాకా

చిన్నారావు మావయ్యకు,

కోపంతోనే రాస్తున్నాను. పుట్టిన బిడ్డ ఆడో మగో పరీక్షలు చేస్తేగాని తెలియదని డాక్టర్ దీదీ చెప్పగానే, "గ్రహణంనాడు వంకాయలు కోసినాది, ఇంకేటవుద్ది?" అని ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అత్తను అన్నావు. వంకాయల తప్పేమీ లేదు, అత్త తప్పూ లేదు. తల్లి కడుపులో రెండో నెలలో నీలోనూ నాలోనూ ఆడ, మగ మొలకలు రెండూ ఉన్నాయి. తర్వాతే ఒకటి ఎదిగి, ఇంకొకటి కరిగిపోయింది. నీ బిడ్డలో ఆ ఎదుగుదల వేరే తీరున సాగింది, అంతే.

ఫలితం వచ్చేదాకా ముట్టుకోనని నిమ్‌పురాలో మీ రైల్వే క్వార్టర్‌లో తలుపేసుకుని కూర్చున్నావు. బిడ్డ మాత్రం ఏ ఫలితం కోసమూ ఆగకుండా పాలకు ఏడుస్తోంది.

రేపు డిశ్చార్జి. నువ్వు వచ్చి ఎత్తుకోకపోతే ఇద్దరినీ మలంచాలో మా ఇంటికి తీసుకుపోతాను. నీకు ఆ ఫలితం కాగితం ఒక్కటే పంపిస్తాను.

నీ మేనకోడలు