గోడవైపు చోటు

కారం మిల్లు నుంచి రాగానే డాబా మీద మిరపకాయలు తిరగెయ్యి. పడమర మబ్బు పట్టింది, చినుకు పడకముందే పట్టా కప్పు. నీ బీపీ బిళ్ల టీవీ మీద పెట్టాను.

నేను ఎస్టీడీ బూత్ పక్కన టీకొట్టుకు ముందే వెళ్తున్నా. బెంచీ మీద గోడకి ఆనుకునే చోటు మా స్నేహితుల్లో వయసులో పెద్దవాడిదని నీకు తెలుసుగా. కోటయ్య అక్కడ కూర్చున్న ఏడాదే పోయాడు. తర్వాత అంకమ్మరావు కూర్చున్నాడు, మొన్న అతని పెద్దకర్మకి వెళ్లొచ్చాం. గోడ మీద వాళ్ల తలల నూనె మరక ఇంకా అలాగే ఉంది. ఇవాళ్టి నుంచి ఆ చోటు గఫూర్‌ది. నడుముకి హాయిగా ఉంటుందని నిన్నంతా మురిసిపోయాడు. అసలే వాడికి గుండె జబ్బు. వాడు వచ్చేలోపు నేను కూర్చుంటాను.

రాత్రి ఈ మాట చెబితే చాదస్తం అన్నావు. అయితే అయింది, నవ్వకుండా ఉండాల్సింది.

ఇంకో మాట. మా ఇద్దరి పుట్టిన తేదీలూ బళ్లో మాస్టారు ఉజ్జాయింపుగా వేసినవే. గఫూర్ వచ్చి అడిగితే, వాడికంటే నేనే ముందు పుట్టానని మీ అత్తయ్య నీతో చెప్పేదని చెప్పు. నీ మాటయితే నమ్ముతాడు.