ఉత్త కాళ్ల బొమ్మ

అమ్ములూ,

ఇవాళ నీ పుట్టినరోజు. మన లైబ్రరీలో పాత పుస్తకాల సేల్ ఉంటే వెళ్లాను. నీకిష్టమైన ఆ నవల కనిపించింది. నీ దగ్గర లేని ముద్రణ, నూరేళ్లు దాటినది.

కథలో ఆ పిల్ల తన బూట్లు స్నేహితురాలికి ఇచ్చేసి, వానలో ఉత్త కాళ్లతో ఇంటికి నడుస్తుంది కదా. నీ అరలో ఉన్న నాలుగు ముద్రణల్లోనూ, బొమ్మలో మాత్రం ఆమె కాళ్లకు బూట్లుంటాయి. "అమ్మా, ఈ ఆర్టిస్ట్‌లు బుక్ చదవకుండానే డ్రా చేశారు! ఈ పిల్ల మనింటికొస్తే నువ్వు బూట్లు డోర్ దగ్గరే విప్పించేదానివి," అని నవ్వేదానివి. సరిగ్గా వేసినవాడు ఒక్కడైనా ఉంటాడని వెతికేదానివి.

బొమ్మలు చెడకుండా వాటి మీద అంటించిన పల్చటి కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి చూశాను. ఇందులో ఉత్త కాళ్లే. వేళ్ల మధ్య బురద కూడా గీశాడు.

"ఫర్ యువర్ డాటర్?" అని అడిగింది డబ్బు తీసుకునే ఆవిడ. అవునన్నాను.

ఇంటికొచ్చి పుస్తకం నీ అరలో పెట్టి, అన్నం వండాను. నువ్వు పోయినప్పటి నుంచి నీ స్నీకర్స్ గరాజ్ తలుపు దగ్గరే ఉన్నాయి. ఎవరికైనా ఇచ్చేద్దామని నాన్న అన్నప్పుడల్లా, తర్వాత చూద్దామనేదాన్ని. ఇవాళ వాటి దుమ్ము తుడిచి, లేసులు కలిపి కట్టి, నాన్న కార్‌లో పెట్టాను.

అమ్మ