మూడు శాఖలు

ఏమండీ,

రేపు మీ తద్దినం. ఈ కోపం ఇవాళే రాసెయ్యకపోతే రేపు మీకు దండం పెట్టలేను.

మన మనవరాలు మీనాకి బళ్ళో అమెరికా ప్రభుత్వం గురించి పాఠం చెప్పారట. వంటింట్లోకి వచ్చి, "బామ్మా, అక్కడ త్రీ బ్రాంచెస్. తెలుగులో శాఖలు," అంది.

గరిటె పక్కన పెట్టేశాను. "అక్కడా మన బ్రాహ్మల్లోలా శాఖల పట్టింపేనా తల్లీ?"

పకపకా నవ్వింది. "అది కాదు బామ్మా! కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, చట్టాలు చేస్తుంది, ప్రెసిడెంట్ దాన్ని నడిపిస్తాడు, కోర్టు రైటో రాంగో చెప్తుంది. ఒకళ్ళు తప్పు చేస్తే ఇంకొకళ్ళు ఆపుతారు."

మూడో క్లాసు చదివిన నాకే అర్థమైందండీ. మన ఇంట్లో ఆ మూడూ మీరే. వేరే శాఖవాణ్ణి చేసుకోకూడదని చట్టం చేసింది మీరు. చేసుకుందని మన అమ్మాయి సుజాత మొహం మీద తలుపు వేసింది మీరు. ఇక ఈ గడప తొక్కకూడదని తీర్పు చెప్పిందీ మీరే. కన్నతల్లిని, నన్నొక్క మాట అడిగారా? మీరు పోయాక కూడా రెండేళ్ళు భయపడుతూ ఆ తీర్పే మోశాను. పిల్ల ఎక్కడో లేదు, మనం వచ్చి స్థిరపడ్డ ఈ దేశంలోనే, రోటోటూనా అనే పేటలో ఉంది. కారులో గంటన్నర!

ఇందాక మీనా చేత ఫోన్ కలిపించి దాన్నీ అల్లుణ్ణీ రేపు భోజనానికి రమ్మన్నాను.

"నాన్న వద్దన్నారుగా అమ్మా," అని ఏడ్చింది.

"ఆ తీర్పు కొట్టేశానే," అన్నాను.

రేపు వాన అంటున్నారు. హైవే మీద ఎలా వస్తారోనని ఒకటే బెంగగా ఉంది. వచ్చాక అల్లుణ్ణి మీ కుర్చీలోనే కూర్చోబెడతాను.