రిమోట్ ఆగిపోయాక

వదినా, నా దగ్గు తగ్గింది, కంగారు పడకండి.

అన్నయ్య పోయాక నాతో తెచ్చుకున్న ఆయన గ్లైడర్‌ని మొన్న ఆదివారం సాయంత్రం ఇక్కడి కొండ అంచు నుంచి ఎగరేశాను. ఇంజను లేని ఆ బొమ్మ విమానానికి వాలు మీదికి ఎగదన్నే గాలే ఆధారం. అది దూరంగా ఉండగా నా రిమోట్ ఆగిపోయింది. బ్యాటరీ చూసుకోకపోవడం నా తప్పే. లోయలో పడుతుందనుకున్నాను. పడలేదు. ఎడమకి మూడు చుట్లు తిరిగి, గాలికి ఎదురొచ్చి, నా కాళ్ల దగ్గర గడ్డిలో దిగింది. అన్నయ్య అలాగే దించేవాడు. పక్కనున్న డ్రాయింగు మాస్టారు, "రిమోట్ చంకలో పెట్టుకుని దించావేం, ఎవరికయ్యా ఈ పోజు?" అన్నాడు.

దయ్యాల్లేవు, ఆత్మల్లేవు. ముప్పై ఏళ్లు వేదికలెక్కి అరిచిన మాట ఇప్పుడు మింగను. గాలికి కారణాలుంటాయి, వెతుకుతాను.

అమ్మ కళ్లజోడు అద్దం మార్పించారా? వంటింటి కుళాయి కారడం ఆగిందా?

మరొకటి. అన్నయ్య పాత రిమోట్‌ని మీరు ప్రతి ఆదివారం సాయంత్రం ఛార్జింగ్ పెట్టి ఆన్ చేస్తుంటే మూఢత్వమని విరుచుకుపడ్డాను. ఇప్పటికీ అదే అంటాను. రెండు రోజుల రైలు దూరానికి దాని సంకేతం అందదు. అయినా ఈ ఆదివారం మానకండి. నా రిమోట్ గదిలోనే వదిలేసి గ్లైడర్‌తో కొండెక్కుతున్నాను. పరీక్ష కోసమే.

అమ్మకు నమస్కారం, పాపకు ముద్దులు.

మీ మరిది