అలమార తలుపు వెనక కాగితం

మార్చి పద్నాలుగు, ఉదయం.

ప్రియమైన కందిరీగకు,

నీకూ నాకూ మధ్య ఉన్నది ఒక్క తలుపు. అయినా ఈ అమ్మమ్మ నీకు ఉత్తరం రాస్తోందంటే, సాయంత్రం దాకా ఈ ఇంట్లో నోరు విప్పకూడదని నువ్వు పెట్టిన షరతే కారణం. నీ గదిలో ఇంకొకరి గొంతు వినిపిస్తే, నువ్వు ఇంట్లోంచే రాస్తున్న పరీక్షను కెమెరాలోంచి కాపలా కాసే మనిషి ఆపేస్తాడట. ఫోన్ ఆపేశాను. కాలింగ్ బెల్ తీగ నువ్వే ఊడదీశావు. మాట్లాడకుండా ఉండలేను కాబట్టి రాస్తున్నాను. ఇంకో కారణం, నాకు భయంగా ఉంది.

నీ భయమేమిటో నాకు తెలుసు. ఈసారి కూడా పరీక్ష పోతే ఆసుపత్రి నెట్‌వర్క్‌ను కాపాడే పని నీ చేతిలోంచి తీసేసి, ఫోన్లెత్తే సీటులో కూర్చోబెడతారు. కిందటిసారి జరిగింది ఏడుస్తూ చెప్పావు. నెట్‌వర్క్ గుమ్మంలో కాపలా ఉండే ఫైర్‌వాల్‌కు నియమాలు రాయమన్నారు. ఫలానావాళ్ళు రావచ్చు అన్నది ముందు రాయాలి, మిగతా అందరినీ ఆపు అన్నది చివర రాయాలి. నువ్వు జ్ఞాపకాన్ని నమ్ముకుని తలకిందులుగా రాశావు. అది నిన్ను కూడా బయట నిలబెట్టి తలుపేసుకుంది. మళ్ళీ లోపలికి వెళ్ళి సరిదిద్దుకునే దారి లేకపోయింది. కంపెనీ మాన్యువల్ ఆ తెర మీదే ఉందట, చూసుకోవచ్చని నిబంధనల మొదటి పేజీలోనే రాశారట. మరెందుకు చూడలేదే అని అడిగితే, మనం మైకు అని పిలుచుకునే మీ టీమ్ లీడర్ అందరి ముందూ అన్న మాట చెప్పావు. "మాన్యువల్ చూసి పనిచేసేవాళ్ళు ఇంజినీర్లు కాదమ్మా, టైపిస్టులు."

ఆ రోజు ఆయన్ని తిట్టాను, నిన్నూ తిట్టాను. నిజం చెప్పాలంటే ఆయన మాట నాకు అంత తప్పుగా అనిపించలేదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్ళూ పుస్తకం పట్టుకుని క్లాసులోకి వెళ్ళిన మనిషిని కాను నేను.

నీ గదిలోంచి కీబోర్డు చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. ఆలోచిస్తున్నావా, బిగుసుకుపోయావా? తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. ఏమీ వినిపించలేదు.

మధ్యాహ్నం.

పొద్దున ఆ వాక్యం దగ్గరే కలం పడేసి లేవాల్సి వచ్చింది. మాడు వాసన. పాలు పెట్టి మరిచిపోయాను. గిన్నె అడుగు నల్లబడి పొగ పైకి లేస్తోంది. వంటింటి పైకప్పుకు బిగించిన గంట ఆ పొగకు మోగిందంటే నీ పరీక్ష అక్కడితో సరి. పరుగున వెళ్ళి కరెంటు పొయ్యి ముందు నిలబడ్డాను. నాలుగు మీటలు. ఏది దేనిదో, ఎటు తిప్పితే ఆరుతుందో నాకు తెలియలేదు. మరుపంటే మసగ్గా కనబడడం అనుకునేదాన్ని. కాదు, అక్కడ అసలేమీ లేదు. నిన్ను కేకేయాలనిపించింది. కేకేస్తే నీ పరీక్షను నేనే పోగొట్టినదాన్నవుతాను.

నీకు తెలియకూడదనుకున్నది ఇదే. చలికాలం నుంచి ఇలా అవుతోంది. మొదట ఇంటి పద్దులో ఒకే రోజు పాల ఖర్చు రెండుసార్లు కనబడింది, రెండూ నా చేతిరాతే. తర్వాత ఒకనాడు గీజరు ముందు తెల్లమొహం వేశాను. అప్పుడు వంటింటి అలమార తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి, పొయ్యి, గీజరు, తాళాలు, ఏది ఎలా చేయాలో రాసుకున్నాను. ఎవరూ లేనప్పుడు దొంగలా తీసి చూసుకుంటాను. ఇంతకాలం నన్ను నిలబెట్టింది నా జ్ఞాపకమే. అదే పోతుంటే ఇక నేనంటూ ఏం మిగులుతానన్నది నా భయం.

ఆ అలమార తలుపు తీశాను. "ఎడమ చివరి మీట ముందు పొయ్యిది. కుడివైపు ఆగేదాకా తిప్పాలి." తిప్పాను. గిన్నె సింకులో పడేసి కిటికీ తెరిచాను. గంట మోగలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ కాగితం వైపు చూస్తే, నా వాక్యం కింద పెన్సిల్‌తో ఇంకొకటుంది. "తిప్పాక ఎర్ర దీపం ఆరిందో లేదో చూడు అమ్మమ్మా."

నీ రాత. ఎన్నాళ్ళుగా తెలుసే నీకు? మాటకు మాట అంటించే పిల్లవి, ఈ ఒక్కదాని గురించి ఇన్నాళ్ళు నోరెలా కట్టేసుకున్నావు?

ఇంతలో నీకు విరామమిచ్చారు. పాలిపోయిన మొహంతో వచ్చి, "చేతులాడడం లేదు అమ్మమ్మా. అన్నీ తెలుసు, ఒక్కటీ రావడం లేదు" అన్నావు.

"పేపరు గురించి మాట్లాడకు" అన్నాను. అది మీ నిబంధన, నేను దాటను. నా వంటింటి గురించి మాట్లాడకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. టీ పెడతానన్నాను. నీ ఎదుటే అలమార తలుపు బార్లా తెరిచాను. కాగితం మీద వేలు పెట్టి, అక్షరాలు కూడబలుక్కునే పిల్లలా పైకి చదివి, మీట తిప్పాను. టీ కాగాక మళ్ళీ చదివి ఆపాను. "ఎర్ర దీపం ఆరింది" అన్నాను. నువ్వు కాగితం వైపు చూడలేదు, నన్నే చూశావు. సగం టీ వదిలేసి లోపలికి వెళ్ళావు.

ఇప్పుడు చప్పుడు వినిపిస్తోంది. ఒక క్లిక్కు, కాసేపు నిశ్శబ్దం, తర్వాత టకటక. మళ్ళీ నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దం వేరు. చదువుకుంటున్నావు.

నీ అమ్మమ్మ

మార్చి పదిహేడు.

కందిరీగా,

పొద్దున ఫలితం చూసి నన్ను ఎత్తి తిప్పబోతే నడుం విరుగుతుందని కసిరాను. సంతోషం లేక కాదు, ఏడుపొస్తుందని. ప్రతి నియమానికీ మాన్యువల్ తీశానన్నావు, రాశాక సరిచూసుకున్నానన్నావు. మైకుకు ఫోన్ చేసి "టైపిస్టు పాసైందండీ" అని చెప్పావట. ఆయన మొహం చూసే భాగ్యం నాకు లేకపోయింది.

మొన్నటి ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపలేదు, దీనితో కలిపి నీ దిండు కింద పెడుతున్నాను. నీ పరీక్ష మూడు రోజుల్లో తేలింది. నాది ఎన్నాళ్ళో, చివరికి ఏమి మిగులుతుందో ఎవరూ చెప్పలేరు. భయం తగ్గలేదు. దాచుకోవడం మాత్రం మానేస్తున్నాను. నోటితో చెబితే రేపటికి మాట మార్చేయగలను, అందుకే కింద రాసి ఇస్తున్నాను.

నీ అమ్మమ్మ

ఇక జరగవలసినవి:

1. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్దాం. నువ్వు బయట కూర్చోవద్దు, నాతో లోపలికి రా. నేను తక్కువ చేసి చెబితే అక్కడే సరిదిద్దు.

2. మీ అమ్మకు నేనే చెబుతాను. ఆదివారంలోగా చెప్పకపోతే నువ్వు చెప్పు.

3. ఇంటి పద్దు నేనే రాస్తాను. వారానికోసారి నువ్వు సరిచూడు, దిద్దేటప్పుడు పెన్సిల్ వద్దు, పెన్నుతో దిద్దు.

4. అలమార తలుపు లోపలి కాగితం తీసి, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా పొయ్యి పక్క గోడకు అంటించు.

5. ఆ కాగితం మీద అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, నీ పేరూ నువ్వు నాకేమవుతావో రాసి పెట్టు. అవసరమైన రోజున సిగ్గుపడకుండా చూసి చదువుతాను.