బరువెక్కిన స్టీరింగు

చిరంజీవి పిడుగుకి అమ్మమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరూ కులాసా. అందరూ అంటే నేనూ, వంటింటి గడియారమూ. అది రోజుకు ఆరు నిమిషాలు వెనకబడుతోంది. అయినా నా మీద నయం.

ముందు నీ తప్పు దిద్దనీ. పాత కార్లు బాగుచేసే షెడ్డులో మూడేళ్లుగా పనిచేస్తూ, "పవర్ స్టీరింగ్ పోతే బండి తిరగదు అమ్మమ్మా, బయటికి తియ్యకు" అని రాస్తావా? తిరుగుతుంది. బరువుగా తిరుగుతుంది, అంతే. స్టీరింగుకీ టైర్లకీ మధ్య ఇనుప బంధం ఎప్పుడూ ఉంటుంది. ఇంజనుతో తిరిగే పంపు నూనెకు ఒత్తిడి పెడుతుంది. మన చెయ్యి స్టీరింగును తిప్పబోగానే లోపలి సన్నని కడ్డీ కాస్త మెలిపడి, వాల్వు తెరుచుకుని, ఆ నూనె టైర్లను మనం తిప్పే వైపుకే నెడుతుంది. అంటే చెయ్యి ముందు అడగాలి, నూనె తర్వాత సాయం పడుతుంది. అడగనిదే కదలని జాతి అది, మన ఇంటివాళ్లలాగే. ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని, మనవరాలివని సగం మార్కు వేస్తున్నాను.

ఇక నీ ప్రశ్నలు. బెల్టు వదులైందా అన్నావు. కాలేదు. వీధి చివరి మెకానిక్ బొటనవేలితో నొక్కి చూశాడు, దిగాల్సినంతే దిగింది. నూనె రంగా? గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తుంటే మొత్తం తీసేసి కొత్త ఎర్ర నూనె పోశాడు. నూనె డబ్బాలో నురగ రెండు రోజులు ఉంది. ముందు టైర్లు జాకీ మీద లేపి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా ఇరవైసార్లు తిప్పి గాలి పోగొట్టాడు. చివర్లో పట్టి ఉంచితే పంపు మీద భారం పడుతుందని అక్కడ క్షణం కూడా ఆపలేదు. ఇప్పుడు పంపు మూలుగు లేదు. అది పోయాక గ్యారేజీ కూడా ఇల్లులాగే అయిపోయింది, చప్పుడు లేకుండా.

"ఇంకా బరువేనా టీచరమ్మా?" అన్నాడు.

"బరువే."

తల గోక్కుని, మా వంటింట్లోని స్ప్రింగు త్రాసు అడిగాడు. ఇంజను నడుస్తుండగా దాని కొక్కెం స్టీరింగు అంచుకు తగిలించి లాగాడు. ముల్లు రెండు కిలోల దగ్గరికి రాగానే స్టీరింగు తిరిగింది.

"బండి పుస్తకంలో ఎంత ఉందో అంతేనమ్మా. బండికి ఏ రోగమూ లేదు. కావాలంటే మీరే లాగి చూడండి."

కుడిచేత్తో లాగాను, తిరిగింది. ఎడమచేత్తో లాగాను. ముల్లు ముప్పావు కిలో దాకా వచ్చి నిలబడిపోయింది. అతను ముల్లు వంక చూశాడు గానీ నా వంక చూడలేదు. మర్యాదస్తుడు.

"త్రాసు పాతదైపోయినట్టుందమ్మా," అన్నాడు.

త్రాసు పోయిన నెలలో కొన్నదే.

పిడుగూ, కొత్త పంపుకు ఆర్డరు పెట్టానని నువ్వు రాయకపోతే ఇంకో నాలుగు ఉత్తరాలు బండి మీదే నెపం పెట్టేదాన్ని. బండి ఎదురు చెప్పదు కదా. నాలుగు నెలల కింద ఒక పొద్దున కాఫీ కప్పు ఎడమచేతిలోంచి జారిపోయింది. ముక్కలు ఏరబోతే వేళ్లు మాట వినలేదు. కుర్చీలో కూర్చుని, ఎవరిని పిలవాలా అని గంటసేపు ఆలోచించాను. ఆలోచన తెగకముందే వేళ్లు కదిలాయి, పిలవడం మానేశాను. ఆ మర్నాటి నుంచే స్టీరింగు బరువెక్కింది. ఫోను మానేసి ఉత్తరాలకు దిగింది కూడా అందుకే. పంపు మూలుగు విని జబ్బు చెప్పేదానివి, నా గొంతు విని పట్టెయ్యవూ?

త్రాసు సంగతి తేలిన మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. తలలో ఒక సన్న రక్తనాళం మూసుకుపోయిందట. అప్పుడే ఎందుకు రాలేదని చీవాట్లు పెట్టింది. మాత్రలిచ్చింది. రోజూ పని చెబితే చెయ్యి చాలావరకు దారికొస్తుందట, అంతదాకా బండి నడపకూడదట. తాళంచెవి మెకానిక్‌కి ఇచ్చేశాను. ఆదివారాలు వచ్చి, లోపలి రబ్బరు సీళ్లు ఎండిపోకుండా ఇంజను వేసి, స్టీరింగు అటూ ఇటూ తిప్పి వెళ్తాడు. నేను పక్క సీట్లో కూర్చుంటాను. ఎక్కడికీ వెళ్లం. వారం మొత్తంలో నేను ఒకరి పక్కన కూర్చునేది ఆ పది నిమిషాలే.

మీ అమ్మకు నేనే రాస్తాను, నువ్వు ముందే ఊదకు.

పంపు ఆర్డరు రద్దు చెయ్యి. బదులుగా ఒక రబ్బరు బంతి కొని పంపు, గుప్పిట్లో పట్టేంతది. డాక్టరు పొద్దునా సాయంత్రం పిసకమంది. ఇక్కడి కొట్లో అన్నిటికీ నవ్వుముఖాలు వేసి ఉన్నాయి. పొద్దున్నే ఒకరి ముఖం పిసకడం నావల్ల కాదు, బడి మానేశాక అలవాటు తప్పింది. మరీ గట్టిది వద్దు, మరీ మెత్తదీ వద్దు. ఎలా ఎంచాలంటావా? పొట్లం కట్టే ముందు నీ ఎడమచేత్తో నాలుగుసార్లు గట్టిగా పిసికి చూడు. నీ చేతి పట్టు దానికి అంటాకే పంపు.

ఇట్లు,
బండి మీద వేసిన నిందలన్నీ వాపసు తీసుకుంటూ,
మీ అమ్మమ్మ